ఏ డిగ్రీ అయినా ఒకటేనా?

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తర్వాత మన ఇళ్ళల్లో జరిగే చర్చలు అందరికీ తెలిసినవే. ర్యాంకు ఎంత వచ్చింది, ఫీజు ఎంతవుతుంది, చదివితే ఉద్యోగం వస్తుందా రాదా అనే మూడు ప్రశ్నల చుట్టే అవి తిరుగుతుంటాయి. అయితే ఎక్కడో ఒక ఇంట్లో ఒక అమ్మాయో అబ్బాయో ఈ లెక్కలకు అందని మాట ఒకటి అంటారు: "నేను వికలాంగ పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్నవుతాను."

అలాంటి ఇంటిని ఒకదాన్ని ఊహించుకుందాం. ఆ అమ్మాయి తమ్ముడికి పదేళ్ళు. బుద్ధిమాంద్యం ఉంది. చుట్టుపక్కల ఏ బడీ వాణ్ణి ఆరునెలలకు మించి ఉంచుకోలేదు. చొక్కా గుండీలు పెట్టుకోవడం వాడికి అక్కే నేర్పింది. అందుకు ఒక సంవత్సరం పట్టింది. ఇలాంటి పిల్లలకు నేర్పడానికి స్పెషల్ బి.ఇడి. అనే చదువు ఒకటుందని ఆమె తెలుసుకుంది. కాని దానికి ముందు డిగ్రీ పూర్తిచేయాలి. ఏ డిగ్రీ? విచారిస్తే "ఏదైనా ఫరవాలేదు, యాభై శాతం మార్కులుంటే చాలు" అన్నారు. "అలాగైతే తేలికైనదేదో తీసుకో బేటీ, ఎలాగూ అది మెట్టే కదా" అన్నాడు తండ్రి. ఇంటికి దగ్గరున్న మహిళా కళాశాలలో బి.కాం. ఉందని తల్లి గుర్తుచేసింది. మామూ మాత్రం కంప్యూటర్ డిగ్రీ చేయించమన్నాడు. రేపు ఈ ఉత్సాహం చల్లారిపోయినా చేతిలో ఒక ఉద్యోగం ఉంటుందని ఆయన ఆలోచన. అమ్మాయికేమో సైకాలజీ చదవాలని ఉంది.

వీరంతా ఆమె మేలు కోరేవారే. అయినా ఇక్కడ ఆగి ఆలోచించవలసిన ప్రశ్న ఒకటుంది. గమ్యం సత్కార్యమైతే, దారిలో గడిపే మూడు నాలుగేళ్ళను ఎలా గడిపినా ఫరవాలేదా? సంకల్పం (నియ్యత్) మంచిదైతే సబ్జెక్టు ఏదైనా ఒకటేనా?

చట్టం చెప్పేది ఎంత?

మన దేశంలో ప్రత్యేక విద్యను పర్యవేక్షించేది భారత పునరావాస మండలి. దీన్నే ఆర్.సి.ఐ. అంటారు. 1992లో చేసిన చట్టం దీనికి ఆధారం. ఈ మండలి గుర్తించిన కోర్సు చదివి, కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు నమోదు చేసుకున్నవారే స్పెషల్ టీచరుగా పనిచేయాలి. నమోదు లేకుండా ఈ వృత్తి చేసేవారికి ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చని ఆ చట్టం చెబుతోంది. మన సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ మేధో వైకల్యం గల పిల్లల విషయంలో దేశానికంతటికీ పెద్దదిక్కు. దూరప్రాంతాల నుంచి విద్యార్థులు అక్కడికి చదువుకోవడానికి వస్తుంటే, హైదరాబాదులోనే ఉంటూ దాని పేరు కూడా వినని మన కుటుంబాలు ఎన్నో!

వైద్యం తెలియకుండానే వైద్యం చేసినవాడు, జరిగిన హానికి తానే బాధ్యుడని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) హెచ్చరించిన సంగతి హదీసు గ్రంథాల్లో ఉంది. పసివాడి మనసును చేతిలోకి తీసుకునే ఉపాధ్యాయునికి ఈ హెచ్చరిక వర్తించదని ఎవరనగలరు? ఆ విధంగా చూస్తే మండలి విధించిన షరతు మనకు భారం కాదు, మన ధర్మం కోరేదే.

ఇక అవసరం ఎంతటిదో చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగుల సంఖ్య 2 కోట్ల 68 లక్షలు. 1995 నాటి చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తించగా, 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. నిర్దిష్ట స్థాయి వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు అని కూడా ఆ చట్టమే ప్రకటించింది. ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ వీధిలోని బడికి వెళ్ళి అలాంటి టీచరు ఉన్నారా అని ఒకసారి అడిగి చూడండి.

అయితే డిగ్రీలో ఏ సబ్జెక్టు చదవాలన్న ప్రశ్నకు వచ్చేసరికి చట్టం మౌనం వహిస్తుంది. ఆ మౌనాన్ని మనం ఎలా అర్థం చేసుకోవాలి?

చెల్లుబాటు వేరు, నాణ్యత వేరు

నమాజు విషయమే తీసుకోండి. వుజూ, ఖిబ్లా, నిలబడటం, రుకూ, సజ్దా - ఇవన్నీ ఉంటే నమాజు చెల్లుతుందని ఫిఖ్‌హ్ గ్రంథం చెబుతుంది. మనసు దుకాణంలో ఉన్నా అది చెల్లకపోదు. కాని అంతటితో నమాజు హక్కు నెరవేరిందని ఏ విశ్వాసీ అనుకోడు. చెల్లుబాటుకు కనీస హద్దు గీయడం ఫిఖ్‌హ్ పని. ఆ హద్దు దాటి ఎంత అందంగా నెరవేర్చామన్నది ఇహ్‌సాన్‌కు సంబంధించిన విషయం. అల్లాహ్ ప్రతి పనిలోనూ ఇహ్‌సాన్‌ను విధిగావించాడని దైవప్రవక్త (స) బోధించారు. ఆ సందర్భంలో ఆయన ఇచ్చిన ఉదాహరణ జంతువును జిబహ్ చేయడం. కత్తికి పదును పెట్టుకోమని చెప్పారు. జంతువు విషయంలోనే కత్తి పదును చూసుకోవాలంటే, పిల్లల ముందు నిలబడబోయేవారు తమ చదువు పదును చూసుకోనక్కర్లేదా?

"యాభై శాతం, ఏదైనా డిగ్రీ" అన్నది కనీస హద్దు. తండ్రి దాన్నే లక్ష్యమనుకున్నాడు. పొరపాటు అక్కడే ఉంది.

సహాబీల్లో హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజియల్లాహు అన్హు) ఉదంతం ఈ విషయంలో మనకు దారి చూపుతుంది. యూదుల నుంచి వచ్చే ఉత్తరాలు చదవడానికి, వారికి జవాబులు రాయడానికి నమ్మకమైన మనిషి అవసరమయ్యాడు. వారి లిపి నేర్చుకోమని దైవప్రవక్త (స) యువకుడైన జైద్‌ను ఆదేశించారు. ఆయన పదిహేను రోజులైనా గడవకముందే దాన్ని నేర్చేసుకున్నారని తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. ఆ లిపి నేర్చుకోవాలన్న కోరిక ఆయనకు ముందునుంచీ ఉందో లేదో మనకు తెలియదు. ముందు అవసరం కనిపించింది, ఆ అవసరాన్ని బట్టి చదువు నిర్ణయమైంది. నాకేది తేలిక అన్న ప్రశ్న అక్కడ రాలేదు. ఇదే జైద్ (రజి) ఆ తరువాత దివ్యఖుర్‌ఆన్‌ను ఒకచోట చేర్చే బృహత్కార్యానికి ఎంపికయ్యారు, వారసత్వపు లెక్కల్లో సాటిలేని పండితులుగా పేరొందారు. ఒక విద్యను శ్రద్ధగా నేర్చినవారికి మరొక విద్య కూడా వశమవుతుంది.

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) తమ 'ఇహ్యా ఉలూమిద్దీన్' గ్రంథంలో వైద్యాన్ని, గణితాన్ని ఫర్జె కిఫాయాగా పేర్కొన్నారు. అంటే సమాజంలో కొందరైనా తప్పక నేర్వవలసినవి, ఎవరూ నేర్వకపోతే అందరూ పాపభాగులయ్యేవి. ఎన్నో పట్టణాల్లో ముస్లిం వైద్యుడు ఒక్కడూ లేడని, అయినా అందరూ ఫిఖ్‌హ్ చర్చలకే ఎగబడుతున్నారని ఆయన ఆనాడే బాధపడ్డారు. గజాలీ (రహ్మలై) క్రీ.శ. 1111లో పరమపదించారు. తొమ్మిది వందల ఏళ్ళు గడిచాయి. నేడు గుంపుగా ఎగబడే చోటు మారింది, అంతే! ఇంజనీరింగ్ కళాశాలల ముందు బారులు తీరుతున్నాం. మన బస్తీల్లో మాట రాని పిల్లవాడికి సైగలు నేర్పేవారు మాత్రం లేరు.

"వాళ్ళు జన్నతీ పిల్లలు"

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని తేల్చుకోకుండా ముందుకు వెళ్ళలేం. బుద్ధి వికసించని వారి కర్మలు రాయబడవని హదీసు చెబుతోంది. అది నిజం. దాన్ని ఆసరా చేసుకుని, "వాళ్ళు జన్నతీ పిల్లలు, వాళ్ళకు చదువెందుకు? కడుపునిండా పెట్టి ప్రేమగా చూసుకుంటే చాలదా?" అంటారు మన పెద్దలు. వినడానికి ఈ మాట కారుణ్యంగానే ఉంటుంది. ఇంకా కొందరు చదువు ఖర్చు దగ్గర వెనుకాడి, తాయెత్తుల కోసం ఊళ్ళు తిరగడానికి మాత్రం వెనుకాడరు. వారి సంగతి ఇక్కడ వదిలేద్దాం.

ఆ పిల్లవాడి లెక్క రద్దయింది. మన లెక్క రద్దు కాలేదు. కలం ఎత్తివేయబడింది అతని మీద నుంచి. అతని తల్లిదండ్రుల మీద నుంచి, పొరుగువారి మీద నుంచి, ఉపాధ్యాయుల మీద నుంచి కాదు. నిసా సూరా ఆరంభంలో అల్లాహ్ అవివేకుల ఆస్తిని కాపాడమంటూ, వారికి తిండీ బట్టా ఇచ్చి మంచిగా మాట్లాడమన్నాడు. ఆ వెంటనే అనాథలను పరీక్షిస్తూ ఉండమని, వివేకం కనిపిస్తే వారి సొమ్ము వారికి అప్పగించమని ఆజ్ఞాపించాడు. చిన్న చిన్న బేరసారాలు చేయించి చూడటం ఈ పరీక్షలో భాగమని ధర్మపండితులు వివరించారు. అంటే పోషణ ఒక్కటే చాలదు. చేయగలిగినంతలో స్వయంగా చేసుకునేలా తీర్చిదిద్దడమూ సంరక్షకుని బాధ్యతే.

బుద్ధిలో ఏదో లోపమున్న ఒక స్త్రీ దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చి, మీతో నాకు పని ఉందన్నది. ఆయన ఆమెను ఫలానావారి తల్లీ అని గౌరవంగా సంబోధించారు. ఏ వీధిలో కావాలంటే ఆ వీధిలో నిలబడి నీ పని నెరవేర్చేదాకా ఉంటానన్నారు, అలాగే ఉన్నారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు ముస్లింలో ఉంది. మదీనా నాయకుని తీరిక లేని రోజులో ఆమెకు ఎంత సమయం దక్కిందో గమనించారా? అంధుడైన అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) విషయంలో అబస సూరాయే అవతరించింది. ఆ అంధుడే తరువాత మదీనాలో అజాన్ ఇచ్చారు. దైవప్రవక్త (స) ప్రయాణాలకు వెళ్ళినప్పుడు పలుమార్లు పట్టణంలో ఆయన ప్రతినిధిగా కూడా ఉన్నారు. అంధుణ్ణి ఆదరించడంతో సరిపెట్టక, ఆయనకు బాధ్యత అప్పగించిన సమాజం అది. ఉమయ్యద్ ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ కాలానికి (క్రీ.శ. 705-715) వచ్చేసరికి ప్రతి అంధునికీ చేయిపట్టి నడిపించే మనిషిని ప్రభుత్వమే నియమించినట్లు చరిత్రకారులు రాశారు.

సబ్జెక్టుల సంగతి

ఇప్పుడు ఆ అమ్మాయి ముందున్న ఎంపికలను చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో డిగ్రీలో ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి ప్రవేశపెట్టిన నాటి నుంచి 'మేజర్' అన్న మాట ఇళ్ళల్లో కూడా వినబడుతోంది. మూడు సబ్జెక్టులు కలిపి చదివిన రోజుల్లో ఒకటి పొరపాటైనా మిగిలిన రెండూ ఆదుకునేవి. ఒక్కటే ప్రధానమైనప్పుడు ఎంపిక బరువు పెరుగుతుంది.

సైకాలజీ అన్నది అమ్మాయి కోరిక. మంచి కోరికే. పిల్లల ఎదుగుదల, జ్ఞాపకశక్తి, నేర్చుకునే తీరు అందులో ఉంటాయి. స్పెషల్ బి.ఇడి.లో వచ్చే విషయాలు ఆమెకు కొత్తగా అనిపించవు. అయితే రెండు సంగతులు ముందే తెలుసుకోవాలి. బి.ఏ. సైకాలజీతో తెలివితేటల పరీక్షలు జరిపే అర్హత రాదు, దానికి వేరే ఉన్నత శిక్షణ ఉంది. రెండోది, మన పాఠశాలల్లో సైకాలజీ ఒక పాఠ్యాంశం కాదు. స్పెషల్ బి.ఇడి.లోనూ బడిలో చెప్పే సబ్జెక్టుల బోధనా పద్ధతులు నేర్వవలసి ఉంటుంది. సాధారణ బి.ఇడి. ద్వారం కూడా తెరిచి ఉంచుకోవాలనుకుంటే భాషో, గణితమో, విజ్ఞానశాస్త్రమో, సాంఘికశాస్త్రమో డిగ్రీలో ఉండటం మేలు.

మా దృష్టిలో ఎక్కువ నిర్లక్ష్యానికి గురవుతున్నది భాష. మన ఇళ్ళల్లో చాలామంది పిల్లలు ఉర్దూలో మాట్లాడతారు. ప్రత్యేక విద్యా కేంద్రంలో టీచరు తెలుగులో పలకరిస్తుంది. నీళ్ళ బొమ్మ చూపి "నీళ్ళు ఏవి?" అని అడుగుతుంది. పిల్లవాడికి 'పానీ' తెలుసు, 'నీళ్ళు' తెలియదు. పలకడు. నీళ్ళను కూడా గుర్తించలేడని కాగితం మీద ఎక్కుతుంది. వైకల్యం ఎంత, భాషా భేదం ఎంత అని విడదీసి చూడగల మనిషి అక్కడ లేరు. నూర్‌బాషాల ఇళ్ళల్లాగా తెలుగే మాతృభాషగా ఉన్నచోట ఇది తలకిందులవుతుంది. దీనియాత్ చెప్పే గురువుగారి ఉర్దూ మామూలు పిల్లలకే సగం అర్థమవుతుంది, ఇక ఈ పిల్లల గతి ఏమిటి? తెలుగు, ఉర్దూ రెండూ లోతుగా వచ్చిన స్పెషల్ టీచరు ఒక్కరున్నా ఆ బస్తీకి ఎంత మేలో ఆలోచించండి. భాషా సాహిత్యాల డిగ్రీని "ఏమీ రానివాళ్ళ చదువు" అని చులకన చేసేవారు ఈ లెక్క వేయరు.

గణితం కూడా అంతే. ఒకటి నుంచి వంద వరకు గడగడా ఒప్పజెప్పే పిల్లవాడు మూడు చెంచాలు తెమ్మంటే గుప్పెడు తెస్తాడు. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె జతపరచడం, చివరి అంకే మొత్తమని గ్రహించడం, నాణెం పరిమాణం వేరు, విలువ వేరు అని తెలుసుకోవడం - ఇన్ని మెట్లున్నాయి అందులో. గణితం బట్టీపట్టి గట్టెక్కినవారికి ఈ మెట్లు కనిపించవు. దుకాణంలో పది రూపాయలిచ్చి చిల్లర సరిగ్గా తెచ్చుకోగలిగితే ఆ పిల్లవాడి జీవితమే మారిపోతుంది.

హోమ్ సైన్స్‌లో శిశు వికాసం, పోషణ ఉంటాయి. మన సమాజంలో దాన్ని వంటల చదువనుకుంటారు గాని, అది ఈ వృత్తికి చాలా దగ్గర. బి.కాం. విషయం: తల్లి చెప్పినందుకు కాదు, అమ్మాయికి నిజంగా ఇష్టముంటే అదీ నిరుపయోగం కాదు. పెద్దయిన వికలాంగులకు చేతిపని నేర్పి లెక్కలు చూపించే చోట పనికొస్తుంది. కంప్యూటర్ పరిజ్ఞానానికీ ఇలాగే చోటుంది, చూపులేని పిల్లలకు తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఎంత ఆసరాయో చూసినవారికి తెలుసు. మామూ సలహాలో లోపం సబ్జెక్టుది కాదు, "ఈ ఉత్సాహం చల్లారిపోయినా" అన్న మాటది. బిడ్డ సత్సంకల్పం చల్లారిపోతుందని ముందే లెక్కగట్టి దారి వేయడం పెద్దరికం కాదు.

కనుక ఫలానా సబ్జెక్టే తీసుకోవాలని మేము చెప్పబోవడం లేదు. ఈ విషయాన్ని రేపు ఒక పిల్లవాడికి చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి చెప్పగలనా, చివరిదాకా మనసు పెట్టి చదవగలనా అని ఆ అమ్మాయి తనను తాను ప్రశ్నించుకోవాలి. వీటికి అవునని జవాబు వచ్చిన సబ్జెక్టు, పేరు చిన్నదైనా, ఆమెకు సరైనది. మెట్టు కదా అని నిర్లక్ష్యంగా గడిపే మూడేళ్ళు కూడా అల్లాహ్ ఇచ్చిన అమానతే. యౌవనాన్ని దేనిలో గడిపావన్న ప్రశ్న పరలోకంలో ఎదురవుతుందని మనకు ముందే చెప్పబడింది. అందులో డిగ్రీ సంవత్సరాలకు మినహాయింపు లేదు.

జీతం కోసం ఈ చదువు చదివితే పుణ్యం పోతుందా అని కొందరు సంకోచిస్తారు. పోదు. ధర్మసమ్మతమైన సంపాదన కూడా ఆరాధనే. మరో రకం వారున్నారు. ఇంకెక్కడా సీటు రాక స్పెషల్ బి.ఇడి.లో చేరేవారు. వారిని మేము తప్పుపట్టం, ఎందుకంటే సంకల్పాన్ని దారి మధ్యలోనైనా సరిదిద్దుకోవచ్చు. కాని ఈ పిల్లలు మాట రానివారైనా విసుగును ఇట్టే పసిగడతారు. సరిదిద్దుకోకపోతే దెబ్బతినేది వారే.

ఇస్తిఖారా నమాజు చేసి, కల కోసం ఎదురుచూస్తూ దరఖాస్తు గడువు దాటబెట్టేవారిని చూస్తుంటాం. కల రావాలన్నది ఇస్తిఖారాకు షరతు కాదు. ముందు విచారించాలి, తెలిసినవారితో సంప్రదించాలి, మనసు ఒకవైపు మొగ్గాక రెండు రకాతులు చేసి అల్లాహ్‌ను మేలు కోరాలి. విచారించడమంటే కళాశాల వారి కరపత్రం చదవడం కాదు. దగ్గరున్న ప్రత్యేక పాఠశాలకు వెళ్ళి, అనుమతి అడిగి, సెలవుల్లో నెలరోజులు ఆ పిల్లల మధ్య కూర్చోవాలి. అన్నం తినిపించడం, మూత్రం పోసుకుంటే శుభ్రం చేయడం, ఒకే మాటను నలభైసార్లు చెప్పడం - ఇవన్నీ చూశాక కూడా మనసు అక్కడే ఉంటే సబ్జెక్టు ఎంపిక దానంతటదే తేలికవుతుంది. తల్లిదండ్రులు కూడా ఒక పూట ఆమెతో వెళ్ళాలి. "ఆ పిల్లలతో తిరిగితే రేపు సంబంధాలు రావు" అని భయపడే తల్లులు మరీ ముఖ్యంగా వెళ్ళాలి.

ఇదివరకే వేరే డిగ్రీ పూర్తిచేసినవారు "మా చదువు దీనికి పనికిరాదు" అని నిరాశ చెందనవసరం లేదు. డిగ్రీలో వదిలేసిన లోటును ఆ తరువాత పూడ్చుకోవచ్చు. తెలుగు సరిగా రానివారు తెలుగు, సైగల భాష రానివారు సైగల భాష నేర్చుకోవచ్చు. 2020 జాతీయ విద్యా విధానం నాలుగేళ్ళ సమీకృత బి.ఇడి. వైపు మొగ్గు చూపింది కనుక, ఇంటర్ పూర్తయిన వారైనా, డిగ్రీ పూర్తయిన వారైనా, ఆ ఏడాది ఏ కోర్సుకు, ఏ కళాశాలకు ఆర్.సి.ఐ. గుర్తింపు ఉందో మండలి జాబితాలో సరిచూసుకున్న తర్వాతే ఫీజు కట్టాలి.